పొంగల్ వాళ్త్తుగళ్, సంక్రాంతి శుభాశయగళు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ధనుర్మాసం వచ్చిందంటే తిరుమలలో సుప్రభాతం బదులు తిరుప్పావై చదువుతారు. అంటే నెల రోజుల పాటు స్వామిని మేలుకొలిపేది తమిళ పాశురాలే. కింద తిరుపతి వీధుల్లో సరేసరి, టీ బంకు దగ్గర నిలబడితే నాలుగైదు భాషలు చెవిన పడతాయి. అందుకేనేమో ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద వచ్చాయి: ఎవరికి, ఏ రోజు, ఏ భాషలో, ఏమని పండగ శుభాకాంక్షలు చెప్పాలి? నాకు చాలా ఇష్టమైన విషయం ఇది. అందుకని ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: సార్, నేను తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర ఒక లాడ్జిలో రిసెప్షన్‌లో పని చేస్తాను. డిసెంబర్ చివరి నుంచి సంక్రాంతి దాకా మాకు ఊపిరాడదు. తమిళం వాళ్లు, కన్నడం వాళ్లు, మరాఠీ వాళ్లు, హిందీ వాళ్లు వస్తా ఉంటారు. అందరికీ హ్యాపీ న్యూ ఇయర్ అనే చెప్తాను. వాళ్ల భాషలో చెప్పాలని ఉంది కానీ తప్పు పలికితే నవ్వుతారేమోనని టెన్షన్. ఏ భాషలో ఏం చెప్పాలి?
(తిరుపతి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: తప్పు పలికినా ఏం కాదు తమ్ముడూ. ఒకవేళ నవ్వినా అది సంతోషంతో నవ్వే నవ్వే, ధైర్యంగా చెప్పండి.

మీకు ఎక్కువగా వచ్చేది తమిళం వాళ్లే కాబట్టి వాళ్లతో మొదలుపెడదాం. జనవరి 1న "ఇనియ పుత్తాండు నల్వాళ్త్తుగళ్", పొంగల్‌కి "ఇనియ పొంగల్ నల్వాళ్త్తుగళ్". వాళ్త్తుగళ్‌లో మొదట వచ్చే ళ మన ళ కాదు, నాలుకను ఇంకా వెనక్కి మడిచి పలకాలి. కానీ మదురై వైపు వాళ్లే చాలామంది దాన్ని మామూలు ళ లాగా పలుకుతారు, అందుకని మీరు దిగులు పడక్కర్లేదు. ముందు "అణ్ణా" అనో "అమ్మా" అనో పిలిచి తర్వాత చెప్తే సగం పని అక్కడే అయిపోతుంది.

కన్నడం వాళ్లకు "సంక్రాంతి హబ్బద శుభాశయగళు". కొత్త సంవత్సరానికైతే "హొస వర్షద శుభాశయగళు". అయితే సంక్రాంతికి వాళ్ల ఇళ్లల్లో అనుకునే మాట ఇంకొకటి ఉంది: "ఎళ్ళు బెల్ల తిందు ఒళ్ళె మాతాడి". నువ్వులు, బెల్లం తిని మంచి మాటలు మాట్లాడండి అని. నువ్వులు, బెల్లం ముక్కలు, వేరుశనగ పప్పు, ఎండుకొబ్బరి, పుట్నాల పప్పు కలిపి, దాంతో పాటు ఒక చెరకు ముక్క, చక్కెర అచ్చులు పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పంచుతారు. మరాఠీ వాళ్లదీ దాదాపు ఇదే పద్ధతి. చేతిలో నువ్వుల ఉండ పెట్టి "తిళ్‌గుళ్ ఘ్యా, ఆణి గోడ్ గోడ్ బోలా" అంటారు. మీ కౌంటర్ మీద సంక్రాంతి మూడు రోజులూ ఒక డబ్బాలో నువ్వుల ఉండలు పెట్టండి. ఒకటి చేతికిచ్చి ఈ మాట అంటే కోలార్ వాళ్లయినా కొల్హాపూర్ వాళ్లయినా మీ లాడ్జిని మర్చిపోరు.

హిందీ వాళ్లకు "మకర్ సంక్రాంతి కీ శుభ్‌కామ్‌నాయేఁ" చాలు. ఆ పండగనే గుజరాత్‌లో ఉత్తరాయణ్ అంటారు, బిహార్, తూర్పు ఉత్తరప్రదేశ్‌లలో ఖిచ్డీ అంటారు, పంజాబీలు దానికి ముందు రోజు రాత్రి మంట వేసి లోహ్రీ చేసుకుంటారు. ఏ ఊరి నుంచి వచ్చారో ఎలాగూ రిజిస్టర్‌లో రాయిస్తారు కదా, ఒకసారి చూసుకుంటే సరిపోతుంది.

ఇంకొక్క మాట, ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపిస్తుంది. కొండ దిగి వచ్చినవాళ్లను చూడండి. కంపార్ట్‌మెంట్లలో గంటల తరబడి కూర్చుని, నిద్ర లేక, చెప్పులు లేక పాదాలు మండుతూ, ఒక చేతిలో లడ్డూల కవర్, ఇంకో చేతిలో గుండు చేయించుకున్న బిడ్డతో మీ కౌంటర్ దగ్గరికి తాళం కోసం వస్తారు. ఆ సమయంలో వాళ్లకు న్యూ ఇయర్ గుర్తుండదు. దర్శనం బాగా అయిందా అని అడగండి. తమిళంలో "దరిసనం నల్లా ఆచ్చా?", కన్నడంలో "దర్శన చెన్నాగి ఆయ్తా?", మరాఠీలో "దర్శన్ చాంగ్లం ఝాలం కా?", హిందీలో "దర్శన్ అచ్ఛే సే హో గయా?". ఈ నాలుగూ మీ కౌంటర్ లోపలి వైపు ఒక కాగితం మీద రాసి అంటించుకోండి. వైకుంఠ ద్వారం ఇప్పుడు పది రోజులు తెరిచి ఉంచుతున్నారు కాబట్టి ఆ రోజుల్లో వచ్చే ప్రతి ఒక్కరి దగ్గరా ఇది పనికొస్తుంది.

ప్రశ్న: మాది చిత్తూరు. కోడలిది వేలూరు, తమిళం వాళ్లు. ఉగాదికి నేను వియ్యపురాలికి ఫోన్ చేస్తే థ్యాంక్స్ వదినా అంటుంది, ఆమె మళ్లీ ఏప్రిల్‌లో ఫోన్ చేస్తుంది. అప్పుడు నాకు ఏం చెప్పాలో తెలియక "ఆఁ, ఆఁ" అంటాను. ఇంత దగ్గరి ఊళ్లు, ఇద్దరికీ కొత్త సంవత్సరం ఒకే రోజు ఎందుకు రాదు?
(చిత్తూరు నుంచి ఒక గృహిణి)

జవాబు: మీరు చంద్రుణ్ణి చూసి లెక్కేస్తారు, ఆమె సూర్యుణ్ణి చూసి లెక్కేస్తుంది, అంతే తేడా అమ్మా. మన ఉగాది చైత్ర శుద్ధ పాడ్యమి, అమావాస్య మరుసటి తిథి. అందుకే ఒక్కో ఏడు ఒక్కో తేదీకి వస్తుంది: 2025లో మార్చి 30, 2026లో మార్చి 19. కన్నడం వాళ్ల యుగాది, మరాఠీ వాళ్ల గుఢీ పాడ్వా కూడా ఆ రోజే. తమిళం వాళ్లకు మాత్రం సూర్యుడు మేషరాశిలోకి వచ్చిన రోజు చిత్తిరై నెల మొదలు, అది ఏటా ఏప్రిల్ 14 ప్రాంతంలోనే ఉంటుంది. మన సంక్రాంతి కూడా సూర్యుడి లెక్కే కదా, అందుకే అది జనవరి 14, 15 దాటి కదలదు.

మలయాళీల విషు, బెంగాలీల పొయిలా బొయిశాఖ్, పంజాబీల బైసాఖీ, అస్సామీల బొహాగ్ బిహు, ఒడిశాలో పణా సంక్రాంతి, అన్నీ ఆ ఏప్రిల్ మధ్యలోనే. శ్రీలంకలో సింహళీయులకూ అప్పుడే. థాయ్‌లాండ్‌లో నీళ్లు చల్లుకునే సోంగ్‌క్రాన్ కూడా ఏప్రిల్ 13న మొదలవుతుంది, ఆ పేరు మన సంక్రాంతి అన్న మాట నుంచి వెళ్లిందే. ఇంతమంది ఒకే వారంలో కొత్త సంవత్సరం చేసుకుంటారని తెలిసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

తమిళనాడులో ఈ తేదీ మీద పెద్ద చర్చే జరిగింది. 2008లో అక్కడి ప్రభుత్వం తమిళ కొత్త సంవత్సరాన్ని తై నెల మొదటి రోజుకు, అంటే పొంగల్ రోజుకు మారుస్తూ చట్టం చేసింది, 2011లో తర్వాతి ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. ఇళ్లల్లో చాలామంది ఆ మధ్యలో కూడా ఏప్రిల్‌లోనే చేసుకున్నారు.

చిత్తూరు వాళ్లకు ఈ రెండు పండగల కలగలుపు కొత్తేమీ కాదు. 1911లో జిల్లా ఏర్పడక ముందు చిత్తూరు కూడా వేలూరుతో పాటు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనే ఉండేది. తిరుత్తణి 1960 దాకా మన వైపే ఉండి సరిహద్దుల సర్దుబాటులో అటు వెళ్లింది. గీత అటూ ఇటూ జరిగింది గానీ చుట్టరికాలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఇక మీరు ఏం చెప్పాలంటే, ఏప్రిల్ 14 పొద్దున ఆమె ఫోన్ కోసం చూడకుండా మీరే చేయండి. "పుత్తాండు వాళ్త్తుగళ్" అనండి. అక్కడితో ఆగకుండా "మాంగా పచ్చడి పణ్ణిట్టీంగళా?" అని అడగండి. పచ్చిమామిడి, బెల్లం, వేపపూత వేసి వాళ్లు ఆ రోజు చేసుకునే పచ్చడి అది, మన ఉగాది పచ్చడికి అక్కచెల్లెలు వరస. ఒకసారి వంట దగ్గరికి వచ్చారంటే ఇక మాటలకు కరువుండదు.

ప్రశ్న: నేను తిరుపతిలో ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. టీమ్‌లో అమెరికా, జర్మనీ, సెర్బియా, జపాన్, ఆస్ట్రేలియా వాళ్లున్నారు. డిసెంబర్‌లో అందరికీ ఒకటే మెయిల్ పంపనా, విడివిడిగా పంపనా? మెర్రీ క్రిస్మస్ అనొచ్చా, హ్యాపీ హాలిడేస్ అనాలా?
(తిరుపతి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అందరికీ కలిపి పంపే మెయిల్‌లో హ్యాపీ హాలిడేస్ అనే రాయండి తల్లీ. అమెరికాలో డిసెంబర్‌లో క్రిస్మస్ ఒక్కటే కాదు, యూదుల హనుకా ఎక్కువగా ఆ నెలలోనే వస్తుంది, నల్లజాతి అమెరికన్లలో కొందరు 1966 నుంచి డిసెంబర్ 26 మొదలుకొని జనవరి 1 దాకా క్వాంజా చేసుకుంటున్నారు. ఎవరు ఏది చేసుకుంటారో తెలిస్తే వాళ్లకు విడిగా ఆ పండగ పేరుతోనే చెప్పండి. క్రిస్మస్ చేసుకునే మనిషికి మెర్రీ క్రిస్మస్ అనడానికి మొహమాటం ఎందుకు?

జర్మనీ వాళ్లకు "ఫ్రోహె వైనాఖ్టెన్". పని ముగించి సెలవులకు వెళ్లేముందు "గూటెన్ రుచ్" అని కూడా అంటారు, కొత్త సంవత్సరంలోకి సాఫీగా వెళ్లండి అని, కాబట్టి అది డిసెంబర్ 31 లోపే చెప్పాలి.

సెర్బియా అతను ఆర్థడాక్స్ క్రైస్తవుడైతే డిసెంబర్ 25న మీ మెయిల్ చూసి మర్యాదగా థ్యాంక్స్ అంటాడు గానీ అది అతని పండగ కాదు. వాళ్ల చర్చి ఇప్పటికీ పాత జూలియన్ క్యాలెండర్ ప్రకారం నడుస్తుంది, అది మన గోడ మీది క్యాలెండర్ కంటే 13 రోజులు వెనక. అందుకే వాళ్ల క్రిస్మస్ జనవరి 7న. ఆ రోజు "హ్రిస్తోస్ సె రోది" అనాలి, క్రీస్తు పుట్టాడు అని. ఎదుటివాళ్లు "వాయిస్తిను సె రోది", నిజంగా పుట్టాడు అని జవాబిస్తారు. కొండ మీద ఒకరు "గోవిందా" అంటే వెనకున్నవాళ్లు అందుకున్నట్టే. జనవరి 7న మీ నుంచి ఆ ఒక్క వాక్యం వెళ్తే అతనికి ఎలా ఉంటుందో ఊహించండి, అప్పటికి ఆఫీసులో అందరూ క్రిస్మస్ మర్చిపోయి ఉంటారు.

జపాన్ వాళ్ల దగ్గర జాగ్రత్త ఒకటే. "అకెమాషితె ఒమెదెతో గొజాయ్‌మాసు" అనేది కొత్త సంవత్సరం వచ్చాకే చెప్తారు, ముందుగా చెప్పరు. డిసెంబర్ చివరి రోజుల్లో సెలవు తీసుకునేటప్పుడు "యొయ్ ఒతొషి ఒ" అంటారు. జపాన్ టైమ్ మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది కాబట్టి మన దగ్గర 31 రాత్రి ఎనిమిదిన్నర అయితే చాలు, నిశ్చింతగా పంపొచ్చు.

ఆస్ట్రేలియా వాళ్లకు మంచు, స్వెటర్ ఉన్న బొమ్మలు పంపకండి, డిసెంబర్ వాళ్లకు నడి ఎండాకాలం.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌కి నేను అడ్మిన్. అన్ని మతాల వాళ్లూ ఉన్నారు. అన్ని పండగలకూ హ్యాపీ అని పెడతా ఉంటే పోయినసారి హ్యాపీ మొహర్రం అన్నదానికి ఒకాయన నొచ్చుకున్నారు. ఏవి పెట్టకూడదో చెప్పండి.
(చిత్తూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మొహర్రం నెలలో పదో రోజు, క్రీస్తుశకం 680లో కర్బలాలో ఇమామ్ హుసేన్ ప్రాణాలు అర్పించిన రోజు. అది దుఃఖపు రోజు. మన రాయలసీమలో దాన్ని పీర్ల పండగ అంటాం, అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి పీరు దగ్గరికి హిందువులూ ముస్లింలూ కలిసే వెళ్తారు, అగ్నిగుండం తొక్కుతారు, ఊరంతా సందడిగా ఉంటుంది. అందువల్ల పొరపాటు జరగడం సహజమే, కానీ హ్యాపీ మాత్రం వద్దు. గుడ్ ఫ్రైడే కూడా అంతే. తెలుగులో శుభ శుక్రవారం అంటారు కాబట్టి శుభాకాంక్షలు పెట్టేస్తుంటారు, ఏసు సిలువ మీద చనిపోయిన రోజు అది. ఆ రోజు మౌనంగా ఉండి, ఆదివారం ఈస్టర్‌కి హ్యాపీ ఈస్టర్ పెట్టండి. రంజాన్, బక్రీద్‌లకు "ఈద్ ముబారక్" ఎప్పుడూ సరైనదే. మహాలయ అమావాస్యకు కూడా కొందరు శుభాకాంక్షల బొమ్మలు పెడుతున్నారు, అది పెద్దలకు తర్పణాలు వదిలే రోజు, దయచేసి మానేయండి.

నొచ్చుకున్న ఆయన్ను ఒకసారి ఇంటికి వెళ్లి కలవండి. గ్రూప్‌లో సారీ పెట్టడం కంటే అది నయం.

ప్రశ్న: మా నాన్న పోయిన శ్రావణంలో చనిపోయారు. ఈ సంక్రాంతి మాకు లేదు. ఫోన్ తీస్తే చాలు పండగ మెసేజ్‌లు. జవాబు ఇవ్వకపోతే పొగరనుకుంటారు, ఇద్దామంటే చెయ్యి రావడం లేదు. ఏం చేయను?
(పలమనేరు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీరు ఎవరికీ జవాబు ఇవ్వాల్సిన పని లేదమ్మా. మనసుకు ఓపిక ఉంటే ఒక్క వాక్యం రాసిపెట్టుకుని అందరికీ అదే పంపండి: "ఈ ఏడు మాకు పండగ లేదు, మీరు బాగా చేసుకోండి." తెలిసినవాళ్లకు అర్థమవుతుంది, తెలియనివాళ్లు అప్పుడు ఫోన్ చేసి అడుగుతారు.

జపాన్‌లో దీనికి ఒక మంచి పద్ధతి ఉంది. అక్కడ కొత్త సంవత్సరానికి పోస్టు కార్డులు పంపుకోవడం పెద్ద ఆచారం. ఇంట్లో మనిషి పోయిన ఏడు ఆ ఇంటివాళ్లు ముందుగానే ఇంకో రకం కార్డు పంపుతారు, మేము దుఃఖంలో ఉన్నాం, ఈసారి కొత్త సంవత్సరం కార్డు పంపలేం, మన్నించండి అని. అది అందినవాళ్లు వాళ్లకు శుభాకాంక్షల కార్డు వేయరు. మన దగ్గర ఊళ్లో అయితే చెప్పక్కర్లేకుండా అందరికీ తెలిసేది, ఫోన్‌లో ఆ వీలు లేదు, కాబట్టి మీరూ భోగికి నాలుగు రోజుల ముందే ఆ వాక్యాన్ని స్టేటస్‌లో పెట్టుకోవచ్చు.

ఇది చదివే మిగతావాళ్లకు ఒక మాట. అలాంటి ఇంటికి పండగనాడు శుభాకాంక్షలు పంపకపోవడం ఒక్కటే చాలదు. ఆ రోజు ఫోన్ చేసి "అమ్మ ఎట్లా ఉంది, అన్నం తినిందా?" అని అడగండి.

ప్రశ్న: శుభాకాంక్షలు అనే మాట ఇంతగా వాడకముందు మన ఊళ్లల్లో పండక్కి ఏమని చెప్పుకునేవాళ్లు?
(చంద్రగిరి నుంచి ఒక డిగ్రీ విద్యార్థి)

జవాబు: చెప్పుకోవడం కంటే అడగడం ఎక్కువగా ఉండేది. "బిడ్డలొచ్చినారా?", "అల్లుడొచ్చినాడా?", "పండగ బాగా జరిగిందా?" అని. ఇక పశువుల పండగ నాటి కేకలు మీకు నేను చెప్పేదేముంది, మీ మండలంలోని రంగంపేటలోనే కోడెల కొమ్ములకు పలకలు కట్టి వదిలితే వాటిని పట్టుకోవడానికి కుర్రాళ్లు ఎగబడతారు. సాయంత్రం చిట్లాకుప్ప, అంటే ఊరి బయట వేసిన కంపల కుప్ప అంటించి పశువులను దాని దగ్గరికి తోలడం, పొలి అనే నైవేద్యపు అన్నం తీసుకుని పొలాల్లో చల్లుతూ "పొలో పొలి" అని అరవడం ఇంకా చాలా ఊళ్లల్లో ఉంది. సరిహద్దు దాటితే కుండలో పాలు పొంగగానే "పొంగలో పొంగల్" అని అరుస్తారు. ఈ రెండూ ఒకరికొకరు చెప్పుకునేవి కావు, పంట కోసం, పశువు కోసం ఊరంతా కలిసి వేసే కేకలు.

ఇంకా విచిత్రం కావాలంటే మే నెలలో తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరకు వెళ్లండి. బండ వేషం వేసుకున్నవాళ్లు ఎదురొచ్చిన వాళ్లను బూతులు తిడతారు, తిట్టించుకున్నవాళ్లు అమ్మ దీవెన అనుకుని సంతోషంగా వెళ్తారు. ఆ వారం రోజులూ తిట్టే శుభాకాంక్ష.

ప్రశ్న: కుప్పంలో మాకు బట్టల షాపు ఉంది. సంక్రాంతికి తెలుగు, తమిళం, కన్నడం మూడు భాషల్లో ఫ్లెక్సీ వేయించాలి. పోయిన ఏడు కన్నడం వాళ్లు చూసి ఇది కన్నడమే కాదన్నారు. తప్పు లేకుండా ఎలా?
(కుప్పం నుంచి ఒక వ్యాపారి)

జవాబు: తెలుగు, కన్నడ అక్షరాలు దగ్గరగా ఉంటాయి కాబట్టి డీటీపీ ఆపరేటర్ కన్నడ వాక్యాన్ని తెలుగు ఫాంట్‌తో కొట్టేసి ఉంటాడు. మన దగ్గర చాలా షాపుల్లో ఇంకా పాత తెలుగు ఫాంట్లే వాడతారు, వాటిలో తమిళం, కన్నడం పెడితే అక్షరాలు చెదిరిపోతాయి లేదా డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తాయి. మూడింటినీ యూనికోడ్ ఫాంట్లలోనే కొట్టమనండి, నోటో ఫాంట్లు మూడు భాషలకూ ఉచితంగా దొరుకుతాయి. డిజైన్ అయ్యాక అక్షరాలను కర్వ్స్‌గా, అంటే బొమ్మ గీతలుగా మార్చి ఇవ్వమనండి, అప్పుడు ప్రింటింగ్ మెషిన్ దగ్గర ఫాంట్ మారిపోదు. ఫోన్‌లో అనువాదం చేసిన వాక్యాన్ని అట్లాగే పెట్టకండి. కుప్పంలో మీ కొట్టుకొచ్చే వాళ్లలోనే తమిళం, కన్నడం చదవగలిగినవాళ్లు బోలెడుమంది ఉంటారు. ప్రూఫ్ ఒక కాగితం మీద తీసి ఒక్కో భాషకు ఒకరి చేత పైకి చదివించుకోండి. చదివేటప్పుడు ఎక్కడైనా తడబడితే అక్కడ తప్పుందని అర్థం. ఇదంతా జనవరి మొదటి వారంలోనే ముగించండి, భోగి దగ్గర పడ్డాక ప్రింటింగ్ వాళ్లు ఫోన్ కూడా ఎత్తరు.